తుమ్మబొగ్గుల కేకు

నా చిన్నప్పుడు మా గల్లీలో కేకు అనే మాట తెలిసిన ఇళ్ళు రెండే. ఒకటి పక్కింటి అక్కది, ఆమె దగ్గర పుస్తకం ఉండేది కాబట్టి. రెండోది మాది, ఆమె ఇంటికీ మా ఇంటికీ నడుమ ఉన్న గోడ నా భుజాల ఎత్తే కాబట్టి.

ఇది ఇప్పుడు రాయడానికి కారణం మా మనుమరాలి ఫోను. మొన్న అందులో ఎవరో అమ్మాయి కుక్కర్లో ఉప్పు పోసి, దాని మీద గిన్నె పెట్టి, ఓవెన్ లేకుండా తక్కువ ఖర్చులో కేకు చేయడం తానే కనిపెట్టినట్టు చెబుతోంది. చూసినవాళ్ళంతా ఆహా ఓహో అంటున్నారు. నాకు ఒళ్ళు మండింది. నాకు పదకొండేళ్ళప్పుడే బోధన్‌లో, చక్కెర ఫ్యాక్టరీకి కూతవేటు దూరంలో, మంజీర ఇసుక మీద మా అవ్వ చేసిన పని అది. మా దిక్కు అమ్మనే అవ్వ అంటాం, నాన్నను బాపు అంటాం. ఆమె ఏ ఫోనులోనూ కనిపించదు. కనీసం కాగితం మీదైనా ఉండాలని రాస్తున్నాను. ఆమె సంగతి రాస్తే నేను చేసిన వెధవపని కూడా రాయాలి. తప్పదు.

మా బాపు చెరకుబండి తోలేవాడు. సీజన్ మొదలైందంటే ఎడపల్లి దిక్కు పొలాల నుంచి చెరకు నింపుకొచ్చి, ఫ్యాక్టరీ గేటు ముందర బండ్ల వరసలో పొద్దంతా నిలబడేవాడు. ఊరంతా పాకం మాడిన వాసన. నేను రెండో తరగతిలో ఉండగా బండికి ఇంకో మనిషి కావలసి వచ్చింది. “పెద్దోడు బండికి రానీ, చిన్నోడు బడికి పోనీ” అన్నాడు బాపు. ఆ ఒక్క ముక్కతో నా చదువు అయిపోయింది. అఆలు వచ్చి, గుణింతాల దగ్గర ఆగిపోయాను. నాకంటే రెండేళ్ళు చిన్నవాడైన మా తమ్ముడు మాత్రం నాలుగో తరగతికి వచ్చేసరికి ఏది ఇచ్చినా గడగడా చదివేవాడు. వాడి చొక్కాకు గుండీలన్నీ ఉండేవి. ఒకటి ఊడితే, బడికి పోయే పిల్లవాడని, నా చొక్కా గుండీ తీసి వాడి చొక్కాకు కుట్టేది అవ్వ. ఇట్లాంటివి నేను మరిచిపోను.

పక్కింటి అక్కది నిజామాబాద్. పదో తరగతి పాసయింది. ఆమె భర్త ఫ్యాక్టరీలో ఫిట్టరు. ఇంకా క్వార్టరు రాలేదని మా గల్లీలో కిరాయికి ఉండేవాళ్ళు. ఫ్యాక్టరీ కాలనీలో ఆఫీసర్ల భార్యలు, గుమాస్తాల భార్యలు కలిసి నడుపుకునే ఒక మహిళా మండలి ఉండేది. అక్క అందులో చేరింది. వాళ్ళంతా తలా ఒక వంట, తలా ఒక చేతిపని రాసి, సైక్లోస్టైల్ తీయించి, దబ్బనంతో కుట్టుకున్న పుస్తకం ఒకటి ఆమెకు ఇచ్చారు. ఊదారంగు సిరా, ఆముదం వాసన. చక్కెర బస్తా దారం విప్పి చేతిసంచి అల్లడం, పాత చీర అంచులను జడలా అల్లి గుమ్మం ముందు పట్టా చేసుకోవడం, చిరిగిన లుంగీతో దిండుగలీబు కుట్టడం, ఎండిన బొప్పాయి గింజలకు రంగువేసి దండ గుచ్చడం, ఇట్లాంటివెన్నో. ఎవరూ బజారుకు పోయి కొనే వస్తువు ఒక్కటి లేదు. వెనకవైపు పేజీల్లో బిస్కెట్లు, నానుఖతాయి, కేకు.

మధ్యాహ్నం పనులయ్యాక అవ్వ అక్క వాకిట్లోకి పోయి కూర్చునేది. బడి లేని రోజుల్లో, అక్క కుట్టుపని చేసుకుంటుంటే, తమ్ముడు పుస్తకం ఒళ్ళో పెట్టుకుని చదివేవాడు. అవ్వ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వినేది. నేను గోడకు ఇవతల ఎద్దులకు చొప్ప వేస్తూ చూసేవాణ్ణి. ఎద్దుల గురించి, బండి చక్రం గురించి, గేటు దగ్గర కొట్లాటల గురించి నేను రోజూ అవ్వకు ఎన్నో చెప్పేవాణ్ణి. ఆమె పని చేసుకుంటూ ఊ కొట్టేది తప్ప, ఒక్కసారి కూడా గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వినలేదు. ఆ చెయ్యి కోసం నేను ఎంత కుళ్ళుకున్నానో చెబితే ఇప్పుడు నవ్వుతారు. ఆ రోజుల్లో అది నవ్వే సంగతి కాదు. అన్నం దిగేది కాదు నాకు.

అక్క అంతకు ముందు ఒకసారి ఒక్కతే కేకు చేయబోయి చెడగొట్టుకుంది. మా దగ్గర ఊరికే దొరికేది చెరకు పిప్పి. దానితోనే పొయ్యి మండించి, నిప్పు మూత మీద పెట్టింది. పిప్పి భగ్గున మండుతుంది, అంతలోనే బూడిదవుతుంది. నిప్పు నిలవదు. పైన నల్లగా మాడి, లోపల జావగా మిగిలింది. పుస్తకంలో ‘నిప్పులు’ అని మాత్రమే ఉంది, ఏ కట్టె నిప్పులో లేదు. ఆ సంగతి చెప్పింది అవ్వ. “తుమ్మబొగ్గులు గావాలె బిడ్డా. పిప్పి నిప్పు సుట్టపు సూపుకొచ్చినట్టు వస్తది, పోతది” అన్నది. అక్క పకపకా నవ్వింది. ఆ రోజు నుంచి అక్కకు అవ్వ లేకుండా పొద్దు గడిచేది కాదు.

మండలి వార్షికోత్సవం వచ్చింది. తక్కువ ఖర్చుతో ఇంట్లో చేసిన వస్తువు తలా ఒకటి తేవాలని నియమం. అక్క తన పేరూ, మా అవ్వ పేరూ కలిపి ‘కేకు’ అని రాయించి వచ్చింది. అవ్వ నమ్మలేదు. ఏళ్ళ తరబడి ఆమె కాలనీ వెనక గేటు దగ్గర నిలబడి పాలు పోసింది. ఎవరి వంటింట్లోనూ అడుగు పెట్టలేదు, ముందు గేటు ఎప్పుడూ దాటలేదు. అక్క చెప్పిన ఇంకో మాట ఏమిటంటే, కేకు బాగా కుదిరితే కాలనీ పిల్లల పుట్టినరోజులకు, పండుగలకు వంటలు చేసే జట్టులో అవ్వను కూడా చేర్చుకుంటారని. “బండోళ్ళ ఇంట్ల కేకు చేస్తరా” అని ఒకావిడ అన్నదట. అక్క అది చెప్పి నవ్వింది కానీ అవ్వ నవ్వలేదు. ఆ సాయంత్రం చీరల పెట్టె తెరిచి, ఉన్న రెండింటిలో మంచిది తీసి ఉతికి ఆరేసింది.

సామాను ఒక్క కేకుకే సరిపడా ఉంది. వారం రోజులు మజ్జిగ చిలికి కూడబెట్టిన వెన్న. మా కోడి పెట్టిన గుడ్లు నాలుగు, బియ్యం కుండలో దాచినవి. చక్కెర, రేషన్‌లో వచ్చింది. మైదా అక్క భర్త తెచ్చాడు. చెడిపోతే మళ్ళీ చేయడానికి లేదు. అందుకని వారమంతా రోజూ సాయంత్రం బడి విడిచి రాగానే తమ్ముడు ఆ పేజీ చదవడం, అవ్వ, అక్క తలలూపడం. చదివి లేచేముందు అక్క వాడికి నానుఖతాయి ముక్క ఇచ్చేది. గోడకు ఇవతల నాకూ ఇచ్చేది, అబద్ధం ఎందుకు చెప్పాలి. కాకపోతే వాడికి చదివినందుకు ఇచ్చేది, నాకు నిలబడినందుకు.

వార్షికోత్సవానికి ముందురోజు బొగ్గులు అక్క ఇంట్లో వేసి రమ్మని అవ్వ నన్ను పంపింది. అక్క బాయి దగ్గర నీళ్ళు తోడుతోంది. పుస్తకం కిటికీలో ఉంది. ఏ పేజీయో చదవడం నాకు రాదు కానీ, మూలకు వెన్న మరక ఉన్న పేజీ అదేనని తెలుసు. అనుకుని చేసిన పని కాదు అంటే అది కూడా అబద్ధమే అవుతుంది. వారం నుంచి నా చేతులు ఆ పని అనుకుంటూనే ఉన్నాయి. పేజీ చింపి, ఉండచుట్టి, కుంపటి అడుగున పెట్టి, పైన బొగ్గులు పోశాను. మర్నాడు వాళ్ళే అంటిస్తారు, వాళ్ళ చేతులతోనే కాలిపోతుంది అనుకున్నాను. ఇంటికి వచ్చి కడుపు నిండా తిన్నాను. వారం రోజుల తర్వాత అన్నం దిగింది.

మర్నాడు పొద్దున బాపు తమ్ముణ్ణి బడి మాన్పించాడు, అవ్వ కోసం. నన్ను బండి మాన్పించలేదు కానీ, ఆ రోజు గేటు దగ్గర మా వంతు సాయంత్రానికి పడిందని ఇంట్లోనే ఉన్నాను. అక్క కుంపటి అంటించింది. అవ్వ ఇసుక జల్లెడ పట్టి పెద్ద గిన్నెలో పోసింది. తమ్ముడు చేతులు కడుక్కుని వచ్చి, పూజకు కూర్చున్నట్టు కూర్చుని పుస్తకం తెరిచాడు. తిరగేశాడు. మళ్ళీ తిరగేశాడు.

“అక్కా, పేజీ లేదు.”

“సరిగ చూడురా, ఎందుకుండదు.”

చూశారు. కుట్టు దగ్గర చిరుగు అంచు మాత్రం ఉంది. అక్క కాక పుస్తకం ముట్టుకునేది తమ్ముడు ఒక్కడే. అవ్వ వాడి దిక్కు తిరిగింది. “ఏం జేసినవ్‌రా. బడిల దోస్తులకు సూపెట్టనీకి సింపినవా?” వాడు లేదు లేదని ఏడ్వడం మొదలుపెట్టాడు. అవ్వ చెయ్యెత్తింది. నేను గోడకు ఆనుకుని చూస్తున్నాను. దాచడం దేనికి, నాకు పండుగలా ఉంది. పుట్టి బుద్ధెరిగాక వాడి మీద చెయ్యి లేవడం అదే మొదటిసారి.

అవ్వ కొట్టలేదు. చెయ్యి దించుకుంది. అక్క గుర్తున్నంత చెప్పబోయి, గుడ్లు మూడా నాలుగా, సోడా పావు చెంచానా అరచెంచానా అని ఆగిపోయింది. తమ్ముణ్ణి అడిగితే వాడికి మైదా, చక్కెర తప్ప ఏదీ యాదికి రాలేదు. పాపం, వాడికి యాది పెట్టుకోవలసిన పనేముంది, పుస్తకం చేతిలోనే ఉండేది కదా. కాలనీకి పోయి ఇంకో పుస్తకం తెస్తానని అక్క లేచింది. అవ్వ ఆపింది. “వద్దు బిడ్డా. పుస్తకం పోగొట్టుకున్నరని ఇంకో మాట అంటరు. నువ్వు వేరే ఏదన్న చేసుకపో. నేను ఎప్పటిలెక్క ఎనకగేటు కాడ పాలు పోసొస్త.” ఆ మాట ఏడుస్తూ అనలేదు. ఒళ్ళో పెట్టుకున్న గుడ్లను ఒక్కొక్కటే తీసి, తెచ్చిన బియ్యం గిన్నెలో మళ్ళీ పెడుతూ అన్నది. ఉతికిన చీర కట్టుకుని ఉంది.

నాకు చదవడం రాదు. కానీ వారం రోజులు గోడకు ఇవతల నిలబడి, వాడు చదివిన ప్రతి అక్షరం విన్నాను. కడుపుమంటతో విన్నాను కాబట్టి ఒక్క ముక్క కూడా పోలేదు. నా నోరు నేను చెప్పకుండానే తెరుచుకుంది.

“మైదా రెండు టీకప్పులు. దంచిన చక్కెర ఒకటింబావు. వెన్న ముప్పావు కప్పు. గుడ్లు నాలుగు, కవ్వంతో ఒకే వైపుగా గిలకొట్టవలెను. తినే సోడా పావు చెంచా, పుల్లమజ్జిగ రెండు చెంచాలు. వెనిల్లా ఎసెన్సు ఆరు చుక్కలు, లేనిచో యాలకుల పొడి చిటికెడు. డబ్బాకు వెన్న పూసి, మైదా చల్లి దులపవలెను. రెండు వేళ్ళ మందం ఇసుక, ముందుగా కాలవలెను. మూత మీద నిప్పులు, అడుగున అంతకంటే తక్కువ. ముప్పావు గంట తర్వాత చీపురుపుల్ల గుచ్చి చూడవలెను. పుల్లకు అంటనిచో దించుకొనవలెను.”

‘లేనిచో’, ‘అంటనిచో’ అంటే నాకు అర్థం కూడా తెలియదు. అక్క ముందు నవ్వింది. “ఓరి నీ... చదువు రానోనికి గింత యాది ఎట్లుంటదిరా?” అన్నది. అవ్వ నవ్వలేదు. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని నన్ను చూస్తోంది.

అప్పుడు తమ్ముడి ముఖం చూశాను. కన్నీళ్ళు ఆరలేదు. పెదవిని పంటికింద నొక్కిపట్టుకుని, నన్నూ అవ్వ చేతినీ మార్చి మార్చి చూస్తున్నాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు. వారం రోజులు నా కళ్ళు చూసిన చూపు అదే. గెలిచినట్టు ఉండవలసింది. ఒక్క నిమిషం ఉంది కూడా. ఆ తర్వాత ఎందుకో పాలు విరిగినట్టు అయిపోయింది లోపల. తప్పు చేయనివాడు అక్కడ ఏడుస్తూ నిలబడ్డాడు, తప్పు చేసినవాణ్ణి అవ్వ మురిసిపోయి చూస్తోంది.

ఇంకోసారి చెప్పించుకుని పని మొదలుపెట్టారు. డబ్బా పాలపొడిది, పైభాగం కోసి అంచు మడిచినది. అక్క కలిపింది, అవ్వ నిప్పు చూసుకుంది. ఇసుక కాలాక డబ్బా దించి, మూత పెట్టి, పైకి నిప్పులు ఎత్తడానికి అక్క కుంపటిలో పట్టకారు పెట్టి గెలికింది. అడుగు నుంచి కాలీకాలని కాగితం ఉండ ఒకటి పైకి వచ్చింది. అంచులు నల్లబడ్డాయి, నడుమ ఊదారంగు అక్షరాలు. బొగ్గులు పోసింది నేనేనని అక్కకు తెలుసు. ఆమె దాన్ని చూసింది, నన్ను చూసింది. కాగితాన్ని పట్టకారుతో పక్కకు తీసి, చెంబు కింద పెట్టింది. నిప్పులు ఒక్కొక్కటే తీసి మూత మీద పేర్చింది. అవ్వకు అదేదీ కనిపించలేదు, ఆమె కళ్ళు గిన్నె మీదే ఉన్నాయి.

కేకు కుదిరింది. ఒక పక్క కొంచెం ఎర్రగా వచ్చింది, అంతే. దాన్ని చక్కెర బస్తా గుడ్డలో కట్టుకుని, సాయంత్రం అవ్వ, అక్క ముందు గేటులో నుంచి లోపలికి పోయారు. తమ్ముణ్ణి తిట్టినందుకు ఓదార్పుగా వాణ్ణి కూడా తీసుకుపోయారు. నేను బాపుతో బండిమీద గేటు బయట వరసలో ఉన్నాను. లోపల మైకు మోగుతోంది. నేను చెప్పిన కేకు, నేను చూడని చోట కోస్తున్నారు. ఆ కుళ్ళు మళ్ళీ లేచింది, కానీ ఈసారి దానిమీద నాకే అసహ్యం వేసింది. తమ్ముడు వస్తూ వస్తూ ఆకులో ఒక ముక్క తెచ్చాడు, వాడి వాటాలో సగం. నోట్లో పెట్టుకుంటే యాలకుల వాసన.

అవ్వను జట్టులో చేర్చుకున్నారు. ఆ మాట చెప్పడానికి అక్క మర్నాడు మా వాకిట్లోకి వచ్చి, పోయేముందు నన్ను గోడ దగ్గరికి పిలిచింది. కాలిన కాగితం చూపించింది. తిడుతుందని తల వంచుకున్నాను.

“మీ అవ్వకు నేను చెప్ప. నువ్వే చెప్పు” అన్నది. “చిన్నోడు దొంగ కాదని దెల్వాలె.”

తర్వాత పుస్తకం తీసింది. చిరిగిన చోట తెల్ల కాగితం ఒకటి పెట్టి, దబ్బనంతో కుట్టి ఉంది. “గీ పేజీ నీది. నువ్వే రాయాలె.”

“నాకు రాయరాదక్కా.”

“వచ్చినప్పుడు రాయి. అప్పటిదాకా ఖాళీగనే ఉంటది. వచ్చినోళ్ళంత అడుగుతరు, గీ పేజీ ఏమాయెనని. మావోడు రాస్తడు, నేర్చుకుంటున్నడు అని చెప్త.”

ఒక దెబ్బ వేసి ఉంటే ఆ రోజే మరిచిపోయేవాణ్ణి. ఆమె నాకు ఒక ఖాళీ కాగితం అంటగట్టింది.

సాయంత్రం అవ్వ బర్రె పాలు పిండుతుండగా పోయి చెప్పాను. చింపింది నేనని, తమ్ముడు కాదని. ఆమె వెనక్కి తిరగలేదు. పాలధార ఆగలేదు. పిండుతూనే అన్నది, “నాకూ సదువు రాదు. నేనెవ్వల పుస్తకమన్న సింపిన్నా?” అంతే. ఇన్నేళ్ళలో నేను చదివిన పుస్తకాలన్నీ ఒక ఎత్తు, ఆ మాట ఒక ఎత్తు.

ఆ తర్వాత నాకు చదువు చెప్పింది బడి కాదు. గుణింతాలు తమ్ముణ్ణే అడిగాను. అడగడానికి నాకు ఎంత కష్టమైందో, వాడు అంత సులువుగా చెప్పాడు. ఒత్తులు సినిమా పోస్టర్ల మీద, బెల్లం పొట్లం కట్టిన పాత పేపర్ల మీద, బండి వరసలో నిలబడ్డ గంటల్లో కూడబలుక్కున్నాను. తర్వాతి సీజన్ అయిపోయేనాటికి పెన్సిలుతో ఆ పేజీ రాశాను. ఒత్తులు సగం తప్పులు. అక్క ఒక్కటి కూడా దిద్దలేదు. చదివి, అవ్వకు వినిపించి, పుస్తకం మూసింది. అదే ఏడాది వాళ్ళకు క్వార్టరు వచ్చి కాలనీలోకి పోయారు. పుస్తకం ఆమెతోనే పోయింది. ఇప్పుడు ఎవరింట్లో ఉందో, ఉందో లేదో తెలియదు.

తమ్ముడు హెడ్‌మాస్టరై రిటైరయ్యాడు. సభల్లో వాడికి శాలువాలు కప్పుతుంటే ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొడతాను, లోపల ఎక్కడో చురుక్కుమంటుంది. ఈ వయసులో కూడానా అని నన్ను నేనే తిట్టుకుంటాను, అయినా అది పోలేదు. పోయిందని చెబితే మా అవ్వ ముందు అబద్ధం ఆడినట్టే. కాకపోతే అది లేచినప్పుడు ఏం చేయాలో మాత్రం తెలుసు. ఎవరి చేతిలోనైనా నేను చదవని పుస్తకం కనిపిస్తే, పక్కకు పోయి నిలబడి, సిగ్గు విడిచి అడుగుతాను, “రెండు రోజులు ఇస్తావా, చదివి ఇస్త.” ఇచ్చిన పుస్తకానికి అట్ట వేసి చదువుతాను. తిరిగి ఇచ్చేముందు, పేజీలన్నీ ఉన్నాయో లేదో మొదటి నుంచి చివరిదాకా ఒకసారి తిరగేసి చూసుకుంటాను.